18 బైట్ల బొమ్మ

2017లో క్రిస్ ఎవాన్స్ అనే ఆయన తన యాహూ మెయిల్ నుంచి తన యాహూ మెయిల్‌కే ఒక ఉత్తరం పంపుకున్నాడు. ఉత్తరంలో కబుర్ల మాటెలా ఉన్నా, అసలు సరుకు దానికి జత చేసిన బొమ్మ ఫైలు. ఆ ఫైలు సైజు 18 బైట్లు.

అదెంత చిన్నదంటే, కంప్యూటర్లో తెలుగు రాసేటప్పుడు ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకీ, వత్తు పుట్టించే గుర్తుకీ సాధారణంగా మూడేసి బైట్లు పడతాయి. ఆ లెక్కన "నమస్తే" అని కొడితే సరిగ్గా 18. ఉద్యోగ దరఖాస్తుకు ఫొటో 50 కేబీ దాటకూడదంటారు కదా. నెట్ సెంటర్ కుర్రాడు దాన్ని కుదించి కుదించి, మనల్ని మనమే గుర్తుపట్టలేని స్థితికి తెచ్చి ఎక్కిస్తాడు. అంత కుదించిన ఫొటోలో కూడా ఇలాంటి ఫైళ్లు రెండు వేల ఎనిమిది వందలు పడతాయి. నమస్తే పట్టేంత చోటులో ఎవరైనా ఏం బొమ్మ గీస్తారు? ఎవాన్స్ కూడా ఏమీ గీయలేదు.

తర్వాత ఇన్‌బాక్స్ తెరిచి, వచ్చిన ఉత్తరంలో ఆ బొమ్మ మీద నొక్కాడు. ప్రివ్యూ తెరుచుకుంది. ఏమీ లేని ఫైలుకు ఏమీ లేని తెర రావాలి. కానీ ఏదో వచ్చింది. అది ఆయన పంపిన బొమ్మ కాదు, ఆయనకెవరో పంపిన బొమ్మా కాదు. యాహూ సర్వరు మెమరీలో అంతకుముందు ఎవరి పనికో వాడి, పనయ్యాక వదిలేసిన సరుకు. అందులో ముక్కూ మొహం తెలియని మరొకరి మెయిల్లోని బొమ్మల తాలూకు ముక్కలు కూడా ఉండే వీలుంది.

ఎవాన్స్ ఏమీ ఆకతాయి కాదు. గూగుల్‌లో క్రోమ్ బ్రౌజర్ భద్రత చూసినవాడు. లోకంలోని సాఫ్ట్‌వేర్లలో బొక్కలు వెదకడమే పనిగా పెట్టుకున్న 'ప్రాజెక్ట్ జీరో' బృందాన్ని నిలబెట్టినవాడు. అంతకు చాలా ముందే ఆయన రాసిన ఒక ఫైల్ సర్వరు పేరు వీఎస్ఎఫ్‌టీపీడీ. అందులో మొదటి రెండక్షరాలకు అర్థం 'వెరీ సెక్యూర్'. సొంత ప్రోగ్రాముకు ఆ పేరు పెట్టుకునేంత ధీమా ఉన్న మనిషికి ఇతరుల ప్రోగ్రాముల మీద నమ్మకం కుదరడం కష్టమే.

ఇంతకీ ఆ 18 బైట్లలో ఏముంది? ఇక్కడ ఒక సంగతి తెలియాలి. బొమ్మ ఫైలు అంటే బొమ్మ కాదు. బొమ్మ ఎలా గీయాలో చెప్పే ఆదేశాల చిట్టా. ఇంత పొడవు, ఇంత వెడల్పు కాగితం తీసుకో, మొదటి వరుసలో నలభై చుక్కలు నీలం వేయి, తర్వాత పది చుక్కలు వదిలెయ్, ఇలా సాగుతుంది. ఆ చిట్టా చదివి, చెప్పింది చెప్పినట్టు చేసి, మన కంటికి బొమ్మగా చూపించే పని ఇంకో ప్రోగ్రాముది. మామూలుగా ఏ కంపెనీ కూడా ఆ ప్రోగ్రామును మొదటి నుంచీ రాసుకోదు. ఎవరో రాసి పెట్టిన కోడును తెచ్చుకుని తన కోడులో కలుపుకుంటుంది. అలాంటి తయారు సరుకునే లైబ్రరీ అంటారు. కాబట్టి మీరు మెయిల్లో ఒక ఫొటో మీద నొక్కినప్పుడు చాలాసార్లు జరిగేదేమిటంటే, ముక్కూ మొహం తెలియనివాడు రాసిన ఆదేశాలను కంపెనీ తన సొంత ఇంట్లో, తన సొంత సర్వరు మీద అమలు చేయడం. మనం దాన్ని ఫొటో చూడటం అంటాం.

ఎవాన్స్ ఎంచుకున్నది ఆర్ఎల్ఈ అనే పాత పద్ధతి బొమ్మ. కంప్యూటర్ గ్రాఫిక్స్ ఇంకా చిన్నపిల్లగా ఉన్న రోజుల్లో అమెరికాలో ఊటా విశ్వవిద్యాలయంవాళ్లు తయారుచేసుకున్న పద్ధతి అది. పెళ్లి ఫొటోలు, బారసాల ఫొటోలు ఆ పద్ధతిలో పంపుకున్నవాళ్లు యాహూ మెయిల్ చరిత్రలో ఎవరూ ఉండరని ధైర్యంగా చెప్పొచ్చు. అయినా యాహూ సర్వరుకు ఆ బొమ్మ విప్పడం వచ్చు. ఎందుకొచ్చో తర్వాత చూద్దాం.

ఆర్ఎల్ఈ ఫైలు మొదట్లోనే బొమ్మ పొడవు వెడల్పులు ఉంటాయి. గీసే ముందు కాగితాన్ని ఒక రంగుతో నింపి శుభ్రం చేయాలా అక్కర్లేదా అని చెప్పే గుర్తు కూడా ఒకటి ఉంటుంది. ఎవాన్స్ "అక్కర్లేదు" అని పెట్టాడు. ఆపైన రంగులు వేసే ఆదేశాలు ఉండాలి. ఆయన ఒక్కటీ పెట్టలేదు. నేరుగా సమాప్తం.

చిట్టా అందుకున్న లైబ్రరీ చాలా బుద్ధిగా నడుచుకుంది. పొడవు వెడల్పులకు సరిపడా మెమరీ అడిగి తీసుకుంది. శుభ్రం చేయమనలేదు కనుక చేయలేదు. గీయమనలేదు కనుక గీయలేదు. బొమ్మ పూర్తయిందని చెప్పి ఆ మెమరీని అలాగే జేపెగ్‌గా మార్చి తెర మీదికి పంపింది. ఒక ప్రోగ్రాము లోపల మెమరీ ఒకరి పనికి వాడి వదిలేశాక ఇంకొకరి పనికి పోతుంది. వదిలేటప్పుడు దాన్ని మామూలుగా ఎవరూ చెరపరు. బడిలో పక్కవాడి పలక తుడవకుండా తీసుకుంటే వాడి లెక్కలన్నీ మనకు కనిపించినట్టే.

అంతకు మూడేళ్ల ముందే, 2014లో, 'హార్ట్‌బ్లీడ్' పేరుతో సర్వర్ల మెమరీ కారిపోయిన గొడవ ఒకటి లోకాన్ని వణికించింది. 2017 ఫిబ్రవరిలో అలాంటిదే 'క్లౌడ్‌బ్లీడ్' బయటపడింది. ఎవాన్స్ తనదానికి ఆ వరసలోనే 'యాహూబ్లీడ్' అని నామకరణం చేశాడు. తేడా ఏమిటంటే హార్ట్‌బ్లీడ్ లాంటి వాటిలో ప్రోగ్రాము తన హద్దు దాటి పక్క మెమరీలోకి తొంగి చూస్తుంది. హద్దు దాటినప్పుడు కాలు జారే ప్రమాదం ఉంటుంది; జారితే ప్రోగ్రాము కూలుతుంది, సర్వరు లాగ్‌లో ఆనవాలు మిగులుతుంది, కాపలా ఉన్నవాడికి అనుమానం వస్తుంది. ఇక్కడ హద్దు దాటడమే లేదు. తనకిచ్చిన చోటును తను చూపించింది, అంతే. కూలేదీ లేదు, ఆనవాలూ లేదు. ఒకడు పొద్దస్తమానం తన సొంత మెయిల్లో తన సొంత బొమ్మను నొక్కి నొక్కి చూసుకుంటుంటే ఏ కాపలాదారు అనుమానిస్తాడు?

యాహూలోనే ఆయనకు రెండో లోపం కూడా దొరికింది. అది ఇంకా ఘాటు. దాంతో లాగిన్‌కు సంబంధించిన రహస్యాలే బయటికొచ్చేవి. తమాషా ఏమిటంటే ఆ లోపాన్ని లైబ్రరీ రాసినవాళ్లు 2015 జనవరిలోనే సరిచేశారు. ఆ సవరణ రెండేళ్లు గడిచినా యాహూ సర్వర్ల దాకా రాలేదు.

లైబ్రరీ, లైబ్రరీ అంటున్నాను గానీ దాని పేరు చెప్పలేదు. ఇమేజ్‌మ్యాజిక్. దాని ముద్ర మీద నిలువు టోపీ పెట్టుకున్న మంత్రగాడు ఒకడుంటాడు. ఆ మంత్రగాడి కథ చెప్పాలంటే 2017 నుంచి ముప్పై ఏళ్లు వెనక్కి పోవాలి.

1987. అమెరికాలో డ్యుపాంట్ కంపెనీ. నైలాన్, టెఫ్లాన్ పుట్టింది అక్కడే. అందులో జాన్ క్రిస్టీ అనే ఉద్యోగి. ఒకరోజు పైఅధికారి ఆయనకో పని అప్పగించాడు. కంప్యూటర్ తయారుచేసిన బొమ్మల్లో కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు రంగులుంటాయి. తెర మీద ఒకేసారి 256 రంగులు మాత్రమే చూపే వీలుంది. అన్ని రంగులూ చూపే తెరలు అప్పట్లో అరుదు, ధర చూస్తే గుండె గుభేల్‌మనేది. ఉన్న తెర మీదే ఆ బొమ్మలు చూపించు అన్నాడు అధికారి. ఆఫీసుల్లో పని చెప్పే తీరు ఎక్కడైనా ఇంతే. సామాను ఇవ్వరు, వంట చేయమంటారు.

క్రిస్టీ చుట్టూ ఉన్నవాళ్లంతా రసాయన శాస్త్రజ్ఞులు, జీవశాస్త్రజ్ఞులు. కంప్యూటర్ సైన్సు తెలిసి సలహా చెప్పగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. దాంతో ఆయన యూజ్‌నెట్‌ను ఆశ్రయించాడు. వెబ్ ఇంకా పుట్టని ఆ రోజుల్లో కంప్యూటర్లున్న విశ్వవిద్యాలయాలవాళ్లూ కంపెనీలవాళ్లూ ఒకరినొకరు ప్రశ్నలడుక్కునే రచ్చబండ అది. అన్ని రంగులను 256కు తగ్గించే ఉపాయం ఎవరికైనా తెలుసా అని అడిగాడు. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఒక సంస్థ నుంచి పాల్ రేవ్‌లింగ్ అనే ఆయన జవాబిచ్చాడు. ఉపాయం చెప్పి ఊరుకోలేదు, రాసి పెట్టిన కోడే ఫలానా చోట ఉంది తీసుకో అన్నాడు. డబ్బు లేదు, ఒప్పందం లేదు, గోప్యతా పత్రం మీద సంతకం లేదు.

ఆ తర్వాత కూడా ఇలాంటి సాయాలు క్రిస్టీకి చాలానే అందాయి. రెండు మూడేళ్లలో ఆయన చేతిలో బొమ్మల పనిముట్లు ఒక గంపెడు పోగయ్యాయి. ఇన్నాళ్లూ తీసుకున్నాను, ఇప్పుడు నా వంతు ఇవ్వాలి అనిపించింది ఆయనకు. అయితే ఉద్యోగంలో ఉండి రాసిన కోడు కంపెనీ సొత్తు. అనుమతి కావాలి. డ్యుపాంట్ పేచీ పెట్టకుండా ఇచ్చేసింది. ఎందుకు ఇచ్చిందో క్రిస్టీ తర్వాత తన ఊహ చెప్పాడు: అది రసాయనమూ కాదు, జీవశాస్త్రానికి సంబంధించిందీ కాదు, కంపెనీకి అప్పట్లో అర్థమయ్యే సరుకులు ఆ రెండే. తమకు పనికిరానిదని ఒక కంపెనీ వదిలేసిన వస్తువు లోకం మొత్తానికి పనికొచ్చింది. 1990 ఆగస్టు 1న ఇమేజ్‌మ్యాజిక్ యూజ్‌నెట్‌లోకి ఉచితంగా వచ్చేసింది.

వెబ్ రావడం, వెబ్‌సైట్లకు బొమ్మలు కావాల్సి రావడం, ఎక్కించిన ప్రతి ఫొటోనూ చిన్నది చేసి చూపించాల్సి రావడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ఆ పని చేసిపెట్టే పనివాడు ఉచితంగా సిద్ధంగా ఉన్నాడు. వెబ్‌సైట్లు రాసే భాషల్లో పీహెచ్‌పీవాళ్లు తీసుకున్నారు, రూబీవాళ్లు తీసుకున్నారు, ఎవరెవరో తీసుకున్నారు. ఊటా పద్ధతి బొమ్మ, సన్ కంపెనీ పద్ధతి బొమ్మ, ఇప్పుడెవరూ తలవని కంప్యూటర్ల బొమ్మలు, అన్నీ చేర్చుకుంటూ పోగా ఇమేజ్‌మ్యాజిక్‌కు వచ్చిన పద్ధతులు 200 దాటాయి. కంపెనీలకు కావాల్సింది జేపెగ్, పీఎన్‌జీ, జిఫ్. వాటితోపాటు మిగతావన్నీ కూడా ఇంట్లోకి వచ్చేశాయి. వాటిని ఆపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఫైలు పేరు చివర డాట్ జేపీజీ అని ఉంటే సరిపోతుందని కొందరు తనిఖీ పెట్టుకున్నారు గానీ, ఇమేజ్‌మ్యాజిక్ సాధారణంగా పేరు కన్నా లోపలి మొదటి బైట్లనే నమ్ముతుంది. ఊటా బొమ్మకు జేపీజీ అని పేరు పెట్టినా అది ఊటా బొమ్మే అని కనిపెట్టి, దాని ప్రకారమే విప్పుతుంది. మంత్రగాడి తెలివితేటలు అలా మెడకు చుట్టుకున్నాయి.

2002లో ఇంకో సంగతి జరిగింది. ఇమేజ్‌మ్యాజిక్ కోడును తీసుకుని కొందరు వేరు కాపురం పెట్టారు. దాని పేరు గ్రాఫిక్స్‌మ్యాజిక్. రెండిళ్లకూ పునాది ఒకటే, పాత బొక్కలూ ఒకటే. ఎవాన్స్ పట్టుకున్న ఆ తుడవని మెమరీ లోపాన్ని గ్రాఫిక్స్‌మ్యాజిక్‌వాళ్లు 2016 మార్చిలోనే సరిచేశారు. ఒక్క లైను కోడు. మెమరీని సున్నాలతో నింపమని చెప్పే లైను. అది ఇంకేదో లోపానికి చేసిన సవరణలో కలిసిపోయి వెళ్లింది. దండోరా ఏమీ లేదు. అసలు ఇంటికి మాత్రం ఆ లైను మరుసటి ఏడాది ఎవాన్స్ చెబితే గానీ చేరలేదు.

ఆ మధ్యలో, 2016 మే నెలలో, ఇమేజ్‌మ్యాజిక్ పరువు ఒక్కసారిగా బజారున పడింది. అప్పుడు బయటపడ్డ లోపాన్ని 'ఇమేజ్‌ట్రాజిక్' అన్నారు. తనకు రాని పని ఎదురైతే ఇమేజ్‌మ్యాజిక్ దాన్ని వేరే ప్రోగ్రాముకు అప్పగిస్తుంది. ఉదాహరణకు, ఫలానా వెబ్ చిరునామా నుంచి ఇంకో బొమ్మ తెచ్చి ఇక్కడ అతికించు అని చిట్టాలో ఉంటే, ఆ చిరునామాను అలాగే తీసుకెళ్లి కంప్యూటర్ షెల్‌కు ఇస్తుంది. షెల్ అంటే చెప్పిందల్లా చేసే చోటు. చిరునామా మధ్యలో కొటేషన్ గుర్తొకటి, నిలువు గీతొకటి ఇరికించి, వాటి వెనక ఏ ఆజ్ఞ రాస్తే అది సర్వరు మీద నడిచేది. ఫైళ్లు చూపించమంటే చూపించేది. చెరిపేయమంటే చెరిపేసేది. ప్రొఫైల్ ఫొటో ఎక్కించే బటన్ ఉన్న ప్రతి వెబ్‌సైటూ ఆ వారం ఉలిక్కిపడింది. పడాల్సిందే.

కొన్ని ఉలిక్కిపడి మళ్లీ నిద్రపోయాయి. ఆ ఏడాది అక్టోబరులో ఆండ్రీ లియోనోవ్ అనే రష్యన్ పరిశోధకుడు వేరే ఏదో వెబ్‌సైటును పరీక్షిస్తుంటే దారి మళ్లి ఫేస్‌బుక్ 'షేర్' పెట్టెలోకి వచ్చిపడ్డాడు. లింకు షేర్ చేసేటప్పుడు పక్కన చిన్న బొమ్మ వస్తుంది కదా, ఆ బొమ్మ ఎక్కడి నుంచి తేవాలో చెప్పే చిరునామా ఆయన కంట పడింది. ఐదు నెలల పాత ఇమేజ్‌ట్రాజిక్‌ను అక్కడ ప్రయత్నించి చూశాడు. ఫేస్‌బుక్ లోపల ఆయన ఆజ్ఞ నడిచినా, నడిచినట్టు బయటికి కబురు రావాలి కదా. ఆ కబురు ఎంతకీ రాలేదు. దారిలో ఫైర్‌వాల్ ఉంది.

ఫైర్‌వాల్ గురించి ఒక మాట. కంపెనీ నెట్‌వర్కుకూ బయటి ఇంటర్నెట్‌కూ మధ్య కట్టిన గోడ అది. ఏ రకం రాకపోకలను వదలాలి, ఏ రకాన్ని ఆపాలి అన్న నియమాలతో నడుస్తుంది. ప్రతి ఆఫీసూ దాని భరోసా మీదే రాత్రిళ్లు నిద్రపోతుంది. ఫేస్‌బుక్ గోడ మంచి గోడే. లోపలి సర్వరు బయటి వెబ్‌సైటుతో నేరుగా మాట్లాడబోతే ఆపేసింది. కానీ వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు వెదికే డీఎన్ఎస్ అనే దారి ఒకటుంటుంది. లియోనోవ్ కబురు ఆ దారిన బయటికొచ్చింది. ఫేస్‌బుక్ ఆయనకు 40,000 డాలర్ల బహుమానం ఇచ్చింది.

ఇక్కడ నాకు నచ్చే విషయం ఆ కబురు బయటికొచ్చిన తీరు కాదు, అసలు సరుకు లోపలికెళ్లిన తీరు. బయటికి రావడానికి దొంగదారి వెదకాల్సి వచ్చింది. లోపలికి వెళ్లడానికి ఏ దారీ వెదకనక్కర్లేదు. బొమ్మ కదా. రమ్మని ఇంటివాళ్లే పిలిచారు. ఏ ఫైర్‌వాల్ అయినా ఫొటోను ఎలా ఆపుతుంది? ఫొటోలు ఆపితే ఫేస్‌బుక్‌లో మిగిలేదేమిటి?

ఇదంతా ఒక్క ఇమేజ్‌మ్యాజిక్ తప్పు అనుకుంటే పొరపాటే. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మలు విప్పే లైబ్రరీలో లోపం బయటపడింది. దాన్ని రాసింది గూగుల్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ సహా లెక్కలేనన్ని ప్రోగ్రాములు దాన్నే వాడుతున్నాయి. అన్నీ ఒకదాని వెనక ఒకటి హడావుడిగా సవరణలు పంపాల్సి వచ్చింది. ఎంత డబ్బున్న ఇంటి గోడలోనైనా ఈ ఇటుకలే ఉంటాయి, ఎందుకంటే బట్టీ ఒక్కటే.

మళ్లీ యాహూ దగ్గరికి. ఎవాన్స్ చెప్పగానే యాహూ ఆ లోపాన్ని పూడ్చుతుందని ఎవరైనా అనుకుంటారు. ఒక్క లైనుతో పోయేది. యాహూ ఆ ఒక్క లైను జోలికి పోకుండా ఇమేజ్‌మ్యాజిక్‌నే ఇంట్లోంచి పంపించేసింది. ఎవాన్స్‌కు 14,000 డాలర్ల బహుమానం ప్రకటించింది. బైటుకు 778 డాలర్లు పడింది. అప్పటి మారకం ప్రకారం మన డబ్బుల్లో ఒక్కో బైటూ యాభై వేల రూపాయలు. ఆ లెక్కన చూస్తే ఇంత గిట్టుబాటైన రచన తెలుగులో ఎవరూ చేసి ఉండరు. నాకొద్దు, ఏదైనా సేవా సంస్థకు ఇచ్చేయండి అన్నాడు ఎవాన్స్. యాహూ ఆ సొమ్మును రెట్టింపు చేసి 28,000 డాలర్లు ఇచ్చింది.

యూజ్‌నెట్‌లో కోడు ఊరికే ఇచ్చిన రేవ్‌లింగ్‌కు గానీ, ఆ రుణం తీర్చుకోవడానికి మూడు దశాబ్దాలుగా లోకానికి ఊరికే వడ్డిస్తున్న ఇమేజ్‌మ్యాజిక్‌వాళ్లకు గానీ ఈ లెక్కల్లో వాటా లేదు. లోపం పట్టుకున్నవాడికి బహుమానం ఇవ్వడం పద్ధతే, తప్పు పట్టడానికి లేదు. రాసినవాడికి ఇచ్చే పద్ధతి మాత్రం అరుదు. వాళ్లకు అందేవి ఫిర్యాదులు.

క్రిస్టీకి మొదట పని చెప్పిన పైఅధికారి మాట మిగిలిపోయింది. ఉన్న తెర మీదే బొమ్మలు చూపించు అని 1987లో ఆయన అడగకపోతే ఇమేజ్‌మ్యాజిక్ లేదు. అది లేకపోతే యాహూ మెమరీ కారేదీ కాదు, ఫేస్‌బుక్ గోడలోంచి బొమ్మ ఆదేశాలు నడిచేవీ కావు. ఆయన పేరు డాక్టర్ డేవిడ్ పెన్సాక్. ఆ తర్వాత ఆయన ఊరికే కూర్చోలేదు. 1990ల మొదట్లో రాప్టర్ సిస్టమ్స్ అనే కంపెనీకి ప్రాణం పోశాడు. కంపెనీల నెట్‌వర్కుల్లోకి బయటి నుంచి ఏ చెడూ రాకుండా కాపాడే సరుకు తయారుచేసి, 'ఈగిల్' అని పేరు పెట్టి అమ్మారు. వ్యాపారంలో నిలదొక్కుకున్న తొలి సరుకుల్లో అదొకటని పెద్ద పేరొచ్చింది.

ఆ సరుకు ఫైర్‌వాల్.